జింకలకు బ్యాంకు అప్పివ్వదు

మా డాలస్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఇళ్ల స్థలాల ఫ్లయర్లతో పాటు 'హంటింగ్ ల్యాండ్' ఫ్లయర్లు కూడా మొదలయ్యాయి. పోయిన వారం వచ్చినది డాలస్‌కి ఉత్తరాన ఉన్న షెర్మన్‌కి కాస్త అవతల 20 ఎకరాలు. ఎకరా 20,000 డాలర్లు. ఫార్మ్ రోడ్డుకి ఆనుకుని ఉంది, చదునైన నేల, కరెంటు ఉంది, ఆగ్ ఎగ్జెంప్షన్ (వ్యవసాయ భూమికిచ్చే పన్ను తగ్గింపు) ఉంది. "వీకెండ్ వేటకీ, పిల్లల భవిష్యత్తుకీ ఒకే పెట్టుబడి" అని ఎర్రక్షరాలు. కింద రైఫిల్ పట్టుకున్న మనిషి, వాడి పక్కన కొమ్ములు తిరిగిన మగజింక.

గంట తిరక్కుండానే ఒక తమ్ముడి ఫోన్. "అన్నా, నువ్వు వేటకెళ్తావు కదా, ఇదెలా ఉందో చెప్పు. ఇరవై శాతం కడితే మిగతాది లోన్ ఇస్తారంట."

ఆ భూమి గ్రేసన్ కౌంటీలో ఉంది. అక్కడ జింకని రైఫిల్‌తో కొట్టడానికి లేదు. విల్లు గానీ క్రాస్‌బౌ గానీ వాడాలి. ఆ సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలే అన్నా, వేట కుదరకపోయినా రేటు పెరుగుతుంది కదా" అన్నాడు. ఈ వ్యాసం రాయించింది ఆ 'పోనీలే'.

నా వాదన ఒకటే. అమ్ముకోవడానికి మంచి భూమి వేరు, వేటకి మంచి భూమి వేరు. ఒకదానికి గుణమైనది రెండోదానికి చాలాసార్లు దోషం. రెండింటినీ ఒకే రిజిస్ట్రేషన్‌లో, ఒకే లోన్ మీద కొనేయొచ్చనుకుంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతాం. లోన్ ఆఫీసర్‌కి ఫోన్ చేయకముందే ఆ భూమి దేనికో తేల్చుకోవాలి. ఎంత అప్పు, ఎక్కడి అప్పు, ఎన్నేళ్ల అప్పు అన్నది కూడా దాన్నిబట్టే మారుతుంది మరి.

వేట పాపమా కాదా అన్న చర్చ ఇక్కడ పెట్టను. మా అమ్మ అమెరికా వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అది జరుగుతూనే ఉంటుంది, చాలు.

జింకకి నచ్చేది మనకి నచ్చదు

మనవాళ్లం పొలం చూడ్డానికి వెళ్తే ముందు చూసేది రోడ్డు. రోడ్డు పక్క ఎకరానికీ లోపలి ఎకరానికీ ధరలో ఎంత తేడా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు, గుంటూరైనా సిద్దిపేటైనా ఒకటే కథ. తర్వాత చదును చూస్తాం. తర్వాత ఊరికి ఎంత దూరమో. అదే కళ్లతో టెక్సస్‌లో కూడా చూస్తాం. బ్రోకర్లకీ అది తెలుసు, అందుకే ఫ్లయర్‌లో మొదటి లైను ఎప్పుడూ రోడ్డు ఫ్రంటేజే.

జింకకి రోడ్డు అక్కర్లేదు. దానికి కావలసింది పగలు పడుకోవడానికి దట్టమైన పొదలు, ఓక్ చెట్ల కింద రాలే కాయలు, నీళ్లు, ఈ మూడింటి మధ్య ఎవరికీ కనపడకుండా నడిచే చాటు. డాలస్ నుంచి పడమరగా రెండు గంటలు పోతే పాలో పింటో, యంగ్ కౌంటీల్లో ఇలాంటి నేల కనిపిస్తుంది. పోస్ట్ ఓక్ చెట్లు, మెస్కీట్ ముళ్లు, నాగజెముడు, మధ్యలో ఎండిన వాగు. పశువుల కోసం తవ్వుకున్న ఒక చిన్న కుంట. చూడ్డానికి అందంగా ఏమీ ఉండదు. మా ఆవిడ మొదటిసారి చూసి, "దీనికి డబ్బులిచ్చి కొంటారా ఎవరైనా?" అంది. కొంటారు, కానీ రోడ్డు పక్క గడ్డిభూమి కంటే చాలా తక్కువ ధరకి. షెర్మన్ దగ్గర ఆ 20 ఎకరాలకి పెట్టే డబ్బుకి అక్కడ రెండింతలకు పైగా నేల వస్తుంది.

ఇంకా గట్టి ఉదాహరణ వరద ప్రాంతం. వాగు పక్కన పల్లంగా ఉన్న నేలని ప్రభుత్వ వరద మ్యాపులో ఫ్లడ్ జోన్‌గా చూపిస్తే ఇల్లు కట్టడం కష్టం, ఇన్సూరెన్స్ తలనొప్పి, రేపు కొనేవాడు బేరం ఆడతాడు. పెట్టుబడి కోసం కొనేవాళ్లు ఆ రంగు చూడగానే పేజీ తిప్పేస్తారు. వేటగాడు మాత్రం అక్కడే ఆగాలి. జింకలు రాకపోకలు సాగించేది ఆ వాగు వెంబడే. పెద్ద చెట్లుండేదీ అక్కడే, ఎండాకాలంలో చివరిదాకా తడి ఉండేదీ అక్కడే. ఇతరులు వద్దన్న కారణమే ఇక్కడ మనం కావాలనుకునే కారణం. ఒకే ఎకరా, రెండు లెక్కలు.

గాలి సంగతి ఫ్లయర్‌లో ఎలాగూ రాయరు. ఇక్కడ మామూలు రోజుల్లో గాలి దక్షిణం నుంచి వీస్తుంది. నవంబర్‌లో చలిగాలి దిగిన రోజు ఉత్తరం నుంచి వీస్తుంది. మేం ఏడాదంతా ఎదురుచూసేది ఆ చలి దిగిన ఉదయాల కోసమే. ఇప్పుడు భూమికి ఒకే గేటు, అదీ ఉత్తరం వైపు ఉందనుకోండి. ఆ మంచి ఉదయాల్లో మనం లోపలికి అడుగు పెట్టగానే మన వాసన మనకంటే ముందు భూమంతా తిరిగొస్తుంది. అంత ఖర్చు పెట్టి కొన్న భూమిలో ఏడాదిలోకెల్లా మంచి రోజున కూర్చోవడం దండగ అవుతుంది. దక్షిణం నుంచి ఒక సన్నని బాట హక్కు ఉన్నా పరిస్థితి మారిపోతుంది. అందుకే నేను ఏ లిస్టింగ్ చూసినా ముందు గేటు ఎటుందో చూస్తాను, ఇల్లు ఎటుందో తర్వాత.

ఇరవై ఎకరాలంటే 311 గజాలు

20 ఎకరాలు అనగానే మనకి కళ్లు పెద్దవవుతాయి. ఊళ్లో 20 ఎకరాలున్న రైతు అంటే మామూలు మనిషి కాదు. ఆ లెక్క ఇక్కడ పెట్టుకోకూడదు. 20 ఎకరాలు చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు 311 గజాలు. జింకల వేటకి చాలామంది వాడే .308 తూటా ఆ దూరం దాటడానికి అర సెకను కూడా పట్టదు, ఇంకా మైళ్ల దూరం పోగల సత్తువ దానికి మిగిలే ఉంటుంది. పక్కవాడి లిఖితపూర్వక అంగీకారం లేకుండా మన తూటా హద్దు దాటితే టెక్సస్‌లో అది నేరం. ఇంకా చిన్నవి, పెద్ద రాంచ్‌ని, అంటే పశువులు మేపే విశాలమైన భూమిని, ముక్కలు చేసి అమ్మే పదెకరాల లోపు ప్లాట్లలో అయితే, అసలు తుపాకీ పేల్చడాన్నే నిషేధించే అధికారం కౌంటీకి ఉంది. "12 ఎకరాల రాంచెట్, హంటింగ్ అలౌడ్" అని చూస్తే నాకు ముందుగా వచ్చే అనుమానం, ఎటు తిరిగి కాల్చాలి?

రెండోది, జింకకి హద్దులు తెలియవు. పెద్ద మగజింక తిరిగే మేర సుమారు ఒక చదరపు మైలు అంటారు, అంటే 640 ఎకరాలు. మన 20 ఎకరాలు దాని ఊళ్లో ఒక వీధి కూడా కాదు. కాబట్టి చిన్న భూమి కొనేటప్పుడు మనం నిజంగా కొంటున్నది పక్కవాళ్లని.

ఇది నాకు బాగా అర్థమైంది యంగ్ కౌంటీలో ఒక 50 ఎకరాలు చూడ్డానికి వెళ్లినప్పుడు. ఏజెంటు మర్యాదస్తుడు. కుంట చూపించాడు, ఓక్ తోపు చూపించాడు. ముళ్లకంచె కింది తీగకి బూడిదరంగు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి, కింద మట్టి నున్నగా అరిగి చిన్న దోవ పడింది. జింకలు రోజూ దూరే చోటు. నాకు లోపల సంబరం. తలెత్తి చూస్తే కంచెకి అవతల ముప్పై అడుగుల్లో ఒక డీర్ బ్లైండ్, మన చేలో మంచె లాంటిదే, నాలుగు కాళ్ల మీద పచ్చరంగు పెట్టె. దాని కిటికీ మన వైపు తిరిగి ఉంది. కంచె వెంబడి నడిచాం. ఇంకొకటి. వంపు తిరిగాక ఇంకొకటి, దాని పక్కన మొక్కజొన్న చిమ్మే ఫీడర్. అన్నీ ఇటే చూస్తున్నాయి.

"పక్కవాళ్లు బాగా వేటాడతారా?" అని అడిగాను.

"వాళ్లకి ఈ భూమంటే చాలా ఇష్టం" అన్నాడు ఏజెంటు, ఏమాత్రం నవ్వకుండా.

ఆ భూమి చెడ్డది కాదు. కుంట ఉంది, చాటు ఉంది, తిండి ఉంది. కానీ అక్కడ పెరిగే జింకల్ని కొట్టేది ఎక్కువగా పక్కవాళ్లే. అదే 50 ఎకరాలకి ఒకవైపు ఎవరూ వేటాడని పెద్ద పశువుల రాంచ్ ఉంటే నేను ఎకరాకి ఇంకో వెయ్యి డాలర్లు ఎక్కువైనా ఇస్తాను. విచిత్రం ఏమిటంటే బ్యాంకు పంపే అప్రైజర్ ఈ రెండు భూములకీ ఒకే విలువ కడతాడు. చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడుపోయిన భూములు ఎకరా ఎంతకి పోయాయో ఆయన చూస్తాడు, పక్కవాడి మంచె ఎటు తిరిగి ఉందో చూడడు. పైగా జింకలు మనవి కూడా కావు. టెక్సస్ చట్టం ప్రకారం అడవి జంతువులు రాష్ట్ర ప్రజల ఆస్తి. మన చేతిలో ఉన్నది మన నేలలోకి ఎవరు రావచ్చో చెప్పే హక్కు మాత్రమే. మనం దేనికోసం కొంటున్నామో దానికి బ్యాంకు పైసా అప్పివ్వదు. అది మన జేబులోంచే రావాలి. డౌన్ పేమెంట్ గురించి ఆలోచించేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

గేటు తాళాలు లెక్కపెట్టండి

కాగితాల సంగతికి వస్తే, మనవాళ్లు ఇందులో నిజానికి గట్టివాళ్లు. లింక్ డాక్యుమెంట్లు, ఈసీలు చూసి పెరిగినవాళ్లం. ఇక్కడ హక్కు పత్రాలు పరిశీలించి పూచీ ఇచ్చే టైటిల్ కంపెనీ ఉంది కదా అని ధీమాగా ఉంటాం. టైటిల్ కాగితాల్లో ఆ పూచీ వర్తించని మినహాయింపుల జాబితా ఒకటుంటుంది, అది చదవకుండా సంతకం పెడితే ధీమా దండగే.

పల్లె భూమికి వెళ్తే గేటు దగ్గర ఆగి గొలుసు చూడండి. ఒక్క తాళమే ఉంటే మంచిది. చాలాచోట్ల తాళానికి తాళం గుచ్చి నాలుగైదు వేలాడుతుంటాయి. ఒకటి ఓనర్‌ది, ఒకటి కరెంటు కంపెనీది, ఒకటి పైప్‌లైన్ వాళ్లది, ఒకటి చమురు బావి చూసుకునేవాళ్లది, ఒకటి లోపల ఇంకో భూమి ఉన్న ముసలాయనది. ఒక్కో తాళం వెనక ఒక్కో హక్కు. నవంబర్ మొదటి శనివారం, సీజన్ మొదలయ్యే ఉదయం, మీరు ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు బావి చూసే మనిషి పికప్ ట్రక్కులో దర్జాగా లోపలికి వస్తే మీరు చేయగలిగింది లేదు.

టెక్సస్‌లో భూమి పై హక్కు వేరు, కింద ఖనిజ హక్కు వేరు. ఇద్దరి చేతుల్లో ఉండడం ఇక్కడ మామూలే, పైచేయి ఖనిజ హక్కుది. అది ఉన్నవాళ్లు చమురు బావి తవ్వడానికి సహేతుకంగా ఎంత నేల అవసరమైతే అంత వాడుకోవచ్చు, రోడ్డు వేసుకోవచ్చు. ఖనిజాలు మనకి రాకపోయినా కనీసం నేల పైభాగం తాము వాడుకోబోమని సర్ఫేస్ వేవర్ రాసివ్వమని ఆ హక్కుదార్లని అడగాలి. పాత బావులు, పైపులైన్లు ఎక్కడున్నాయో రైల్‌రోడ్ కమిషన్ మ్యాపులో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. పేరులోనే రైలుంది, చూసేది మొత్తం చమురూ గ్యాసే.

పన్ను విషయంలో కూడా ఫ్లయర్ మాట సగమే నిజం. ఆగ్ ఎగ్జెంప్షన్ భూమితో పాటు దానంతటదే మనకి రాదు. కొత్త ఓనర్ మళ్లీ అప్లై చేయాలి, వ్యవసాయమో పశువులో కొనసాగుతున్నట్టు చూపించాలి. అది లేకపోతే, 4 లక్షల భూమికి పన్ను 1.5 శాతం అనుకున్నా ఏడాదికి 6,000 డాలర్లు. వాడకం మార్చేస్తే వెనక్కి మూడేళ్ల పన్ను తేడా కూడా వసూలు చేస్తారు. వేటగాళ్లకి అనుకూలమైన దారి ఒకటుంది. 1995లో టెక్సస్ ఓటర్లు రాజ్యాంగ సవరణ ఆమోదించాక, పశువుల బదులు వన్యప్రాణుల సంరక్షణ చేసినా అదే పన్ను విలువ కడతారు. ఆవాసం మెరుగుపరచడం, నేల కోత ఆపడం, నీళ్లు పెట్టడం, మేత పెట్టడం, గూళ్లు కట్టడం, వేటాడి తినే జంతువుల్ని అదుపు చేయడం, జంతువుల లెక్క తీయడం, ఈ ఏడింటిలో కనీసం మూడు చేయాలి. కానీ అంతకుముందు ఏడాది ఆ భూమికి ఆగ్ విలువ ఉండి ఉండాలి. పెద్ద రాంచ్‌లోంచి కొత్తగా విడగొట్టిన ముక్క అయితే కనీస విస్తీర్ణం నిబంధన కూడా అడ్డొస్తుంది. ఫ్లయర్లలో వచ్చే భూములు ఎక్కువగా అలాంటి ముక్కలే.

ఇక అప్పు

ఇల్లు కొన్నవాళ్లందరికీ ఒక అలవాటు పడిపోయింది. 5 శాతం కట్టు, 30 ఏళ్ల లోన్, ఒకే వడ్డీ. ఖాళీ భూమికి అది దొరకదు. ఇంటి లోన్లని కొనుక్కునే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ ఖాళీ భూమి లోన్లని కొనవు. ఇచ్చిన బ్యాంకు ఆ అప్పుని తన దగ్గరే పెట్టుకోవాలి. ఉద్యోగం పోతే మనిషి ముందు ఇంటి వాయిదా కడతాడు, భూమి వాయిదా ఆపేస్తాడని వాళ్లకీ తెలుసు. అందుకే 15 నుంచి 25 శాతం దాకా డౌన్ పేమెంట్, వడ్డీ కాస్త ఎక్కువ, గడువు తక్కువ. చిన్న ఊరి బ్యాంకుల్లో అయిదేళ్లకోసారి వడ్డీ మారడం, లేదా అయిదేళ్ల చివర మొత్తం ఒకేసారి కట్టమనడం కూడా ఉంటుంది. ఆ క్లాజు వేలు పెట్టి వెతకాల్సిందే.

నాకు నచ్చినది ఫార్మ్ క్రెడిట్ పద్ధతి. 1916లో రైతుల కోసం పెట్టిన వ్యవస్థ, మన సహకార బ్యాంకుల్లాగే అప్పు తీసుకున్నవాళ్లే సభ్యులు. లోన్‌లో 2 శాతం గానీ 1,000 డాలర్లు గానీ, ఏది తక్కువైతే అంత వాటా కొనాలి. లాభం వచ్చిన ఏడాది కట్టిన వడ్డీలో కొంత తిరిగి వస్తుంది. రైతే కానక్కర్లేదు, వేట భూమికీ ఇస్తారు. వాళ్లతో మాట్లాడినప్పుడు నాకు నచ్చిన విషయం, అడిగిన ప్రశ్నలు. బావి ఉందా, దారి హక్కు రాసి ఉందా, కంచె ఎవరిది. ఇంటి లోన్ వాళ్లెవరూ నన్ను కంచె గురించి అడగలేదు.

ఓనర్ ఫైనాన్స్ అని ఇంకో దారి. అమ్మేవాడే అప్పిస్తాడు, పేపర్లు తక్కువ, క్రెడిట్ స్కోర్ పట్టించుకోడు. తేలిక కాబట్టే జాగ్రత్త. దస్తావేజు ఇప్పుడే మన పేరున రాస్తాడా, అంతా కట్టాక రాస్తానంటాడా అన్నది చూడాలి. మొదటిదైతేనే ముందుకెళ్లాలి. అయినా కట్టకపోతే టెక్సస్‌లో కోర్టు కేసు లేకుండానే వేలం వేసేస్తారు. ప్రతి నెలా మొదటి మంగళవారం కౌంటీ కోర్టు దగ్గర ఆ వేలాలు జరుగుతాయి. నోటీసు 21 రోజులది.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దారులు వేరే ఉన్నాయి. ఇంటి మీద హోమ్ ఈక్విటీ అప్పు, లేదా ఉద్యోగంలో రిటైర్మెంట్ కోసం దాచుకునే 401కె మీద అప్పు. టెక్సస్‌లో ఇంటి మీద ఉన్న అప్పులన్నీ కలిపి ఇంటి విలువలో 80 శాతం దాటకూడదు కాబట్టి ఏదో ఒక హద్దయినా ఉంది. 401కెలో ఉన్నదాంట్లో సగం లేదా 50,000 డాలర్లు, ఏది తక్కువైతే అంత తీసుకోవచ్చు. వడ్డీ మనకే వస్తుంది కదా అంటారు. ఉద్యోగం మానేస్తే ఆ అప్పు త్వరగా కట్టాలి, లేకపోతే అది ఆదాయంగా లెక్కై పన్ను పడుతుంది. హెచ్1బీ మీద ఉన్న తమ్ముడికి లే ఆఫ్ వస్తే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులు. అందులో 401కె అప్పు, ఇంటి వాయిదా, భూమి వాయిదా. పల్లె భూమి 60 రోజుల్లో అమ్ముడుపోయేది కాదు. జింకల కోసం ఇంటిని తాకట్టు పెట్టడం నాకు కొరివితో తల గోక్కోవడమే.

హెచ్1బీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. భూమి కొనడానికి ఆ వీసా అడ్డు కాదు. తుపాకీకి అడ్డు. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటేనే మినహాయింపు. టెక్సస్ లైసెన్స్ ఖరీదు 25 డాలర్లే, కానీ ఏటా ఆగస్టు 31కి గడువు తీరిపోతుంది. సీజన్ మొదలయ్యేది నవంబర్ కదా అని అక్టోబర్ దాకా ఆగేవాళ్లని చూశాను. మధ్యలో ఆ తుపాకీ అల్మారాలో ఉంటుంది.

ఇప్పుడు ఆ ఫ్లయర్ లెక్క చూద్దాం. 4 లక్షలు, 80,000 కడతాం, 3.2 లక్షల లోన్. 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలకి సుమారు 2,677 డాలర్లు. ఏడాదికి 32,000 పైచిలుకు, అందులో మొదటి ఏడాది 25,000 వడ్డీయే. పన్ను, కంచె, ఫీడర్, మంచె, ట్రాక్టర్ అద్దె ఇంకా కలపలేదు. విల్లుతో తప్ప జింకని కొట్టలేని చోట, చాటు లేని గడ్డిభూమికి.

కౌలుకి తీసుకుంటే సరిపోదా

సరిపోతుంది, చాలామందికి. టెక్సస్‌లో సుమారు 95 శాతం భూమి ప్రైవేటుది, అందుకే ఇక్కడ వేట అంటేనే కౌలు. రాంచ్ ఓనర్‌కి నలుగురైదుగురు కలిసి ఏడాదికింత అని కడతారు. ఒక్కొక్కరికి 2,500 అనుకున్నా పై లోన్‌కి మొదటి ఏడాది కట్టే వడ్డీతో పదేళ్లు కౌలు చేయొచ్చు. అది కూడా వద్దనుకుంటే 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఉంది, దాంతో సుమారు పది లక్షల ఎకరాల్లో తిరగొచ్చు. మా డాలస్ వాళ్లకి ఎల్‌బీజే, క్యాడో అనే ప్రభుత్వ గడ్డిభూములు దగ్గరే.

కానీ కౌలుని నేను మరీ పొగడలేను, ఎందుకంటే కౌలులోనే ఉన్నాను. మేం కంచె బాగు చేసి, కుంట పూడిక తీసి, మూడేళ్లు చిన్న మగజింకల్ని కొట్టకుండా వదిలేస్తే, అవి పెద్దవయ్యే ఏటికి రేటు పెరుగుతుంది, లేదా ఓనర్ కొడుకు భూమి అమ్మేస్తాడు. కౌలు నేల మీద చెమట పోయడానికి మనసొప్పదు. మన ఊళ్లో కౌలురైతు పశువుల ఎరువు తోలడానికి ఎందుకు వెనకాడతాడో ఇక్కడికొచ్చాక తెలిసింది నాకు. కాబట్టి కొనడానికి ఒక న్యాయమైన కారణం ఉంది. నేల మీద పని చేయడం ఇష్టమై, ఆ పని ఫలం పదేళ్లకి కళ్లారా చూడాలనుకుంటే కొనాలి. ఏడాదికి రెండు శనివారాలు కూర్చోవడానికైతే కౌలే నయం.

నలుగురం కలిసి ఎల్‌ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టి కొంటే ఎలా అంటారు. కొనొచ్చు, అయినా బ్యాంకు నలుగురి దగ్గరా వ్యక్తిగత పూచీ తీసుకుంటుంది, ఒకడు కట్టకపోతే మిగతా ముగ్గురి మీద పడుతుంది. డబ్బు గొడవలైనా తేలతాయి. సీజన్ మొదటి ఉదయం వాగు పక్క మంచెలో ఎవరు కూర్చోవాలన్న గొడవ తేలదు. అది ఒప్పందంలో రాసుకోవాలి. నవ్వులాటకి అనడం లేదు.

నా వాదనకి ఎదురుగా నిలిచే మనిషి ఒకాయన ఉన్నాడు, మా పాత కొలీగ్. డాలస్‌కి ఉత్తరాన సెలైనా వైపు ఇంకా గడ్డి తప్ప ఏమీ లేని రోజుల్లో రోడ్డు పక్క చదును భూమి కొన్నాడు. ఒక్క జింక కూడా లేని చోటు. ఇళ్ల కంపెనీకి అమ్మి బాగా సంపాదించాడు. ఇప్పుడు ఏటా డిసెంబర్‌లో దక్షిణ టెక్సస్‌లో మంచి రాంచ్‌కి డబ్బు కట్టి వెళ్తాడు, గైడ్ ఉంటాడు, వంట వాళ్లే చేస్తారు. మా అందరికంటే పెద్ద జింకలు ఆయనవే. మరి ఇది 'పోనీలే' అన్న తమ్ముడి మాటకి సాక్ష్యం కాదా అని చాలా ఆలోచించాను. కాదనే అనిపిస్తోంది. ఆయన ఆ భూమిని వేట భూమి అనుకుని ఒక్క డాలరు ఎక్కువ పెట్టలేదు, దాంట్లో ఒక్క ఫీడర్ నిలబెట్టలేదు. రెండు పనులకి రెండు వేర్వేరు చోట్ల డబ్బు పెట్టాడు, అంతే. ఆ లాభంతో సొంతంగా ఒక రాంచ్ కొనొచ్చుగా అని అడిగితే, "కంచె ఎవడు బాగు చేస్తాడయ్యా" అన్నాడు.

నాకైతే ఆ కంచె పనే ఇష్టం, అందుకే ఇంకా యంగ్ కౌంటీ లిస్టింగులు చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఒక 60 ఎకరాల దగ్గర ఆగాను. సగం ఫ్లడ్ జోన్, పడమర పక్కన ఎవరూ వేటాడని పశువుల రాంచ్, దారి మాత్రం పక్కవాడి భూమిలోంచి. మూడో వంతు డబ్బు చేతిలో ఉంటే తప్ప ఆఫర్ రాయకూడదనుకున్నాను, అది సమకూరింది. సర్ఫేస్ వేవర్ ఇస్తారా అని అడిగాం, ఖనిజ హక్కులు ఓక్లహోమాలో ఉన్న ఇద్దరు అన్నదమ్ముల పేరున ఉన్నాయట. వాళ్ల దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు.